పింట్ అంటే ఎంత? గ్లాసు మీద గీత కోసం 800 ఏళ్ళ గొడవ

ఈ రోజు ఎపిసోడ్ ఒక బిల్లు దగ్గర మొదలైంది.

పోయిన శనివారం మా బీటెక్ బ్యాచ్ నలుగురం గచ్చిబౌలి వైపు కొత్తగా తెరిచిన ఒక బ్రూపబ్‌కి వెళ్ళాం. పేరు చెప్పను, ఇది రివ్యూ వీడియో కాదు. అద్దం గోడ వెనక పెద్ద పెద్ద స్టీల్ ట్యాంకులు, అక్కడే కాచి అక్కడే పోస్తారు. మెనూలో గోధుమ బీర్, నల్ల బీర్, మామిడిపండు బీర్, అన్నీ ఉన్నాయి. ధర పక్కన మాత్రం ఒకటే మాట: పింట్. ఎన్ని ఎంఎల్లో ఎక్కడా లేదు.

గ్లాసులు వచ్చాయి. లండన్‌లో రెండేళ్ళు పనిచేసి వచ్చిన మావాడు గ్లాసు ఎత్తి చూసి, "ఇదేం పింట్‌ రా, చిన్నగా ఉంది" అన్నాడు. డాలస్ నుంచి సెలవులకి వచ్చినవాడు, "కరెక్టే కదరా, మా దగ్గర ఇంతే" అన్నాడు. మూడోవాడు పక్కా లోకల్. "మామా, పింట్ అంటే చిన్న సీసా. ఇది దానికంటే ఎక్కువే, తాగండ్రా బాబూ" అన్నాడు.

ఫన్నీ ఏంటంటే, ముగ్గురూ కరెక్టే. బ్రిటన్ పింట్ 568 ఎంఎల్. అమెరికా పింట్ 473. మన బార్లలో పింట్ అంటే 330 ఎంఎల్ సీసా. ఒకటే పేరు, మూడు వాల్యూలు. కోడ్‌లో ఇలా రాస్తే రివ్యూలోనే తిప్పి పంపిస్తారు.

నాకు ఊరుకోబుద్ధి కాలేదు. సీల్ ఉన్న లీటరు నీళ్ళ సీసా, ఒక ఖాళీ గ్లాసు తెప్పించా. అంచు దాకా నింపి జగ్గులో పోశా, మళ్ళీ నింపా. రెండు గ్లాసులు నిండాక సీసాలో కొంచెమే మిగిలింది. అంటే గ్లాసు సుమారు 470. కానీ మా బీర్ నురగ దిగాక అంచుకి ఒక వేలి మందం కిందే ఉంది. నా అంచనా 400 లోపే. మేనేజర్ గారిని అడిగితే, "సార్, నురగతో కలిపే పింట్" అన్నారు. చాలా మర్యాదగానే చెప్పారు. గొడవ పడలేదు, బిల్లు కట్టి వచ్చేశాం. ఇంటికొచ్చి మాత్రం నిద్రపట్టక చరిత్ర తవ్వడం మొదలుపెట్టా.

ఈ గొడవ మనతో మొదలైంది కాదండీ. 1215లో ఇంగ్లండ్ రాజు జాన్ చేత ప్రభువులు ఒప్పించుకున్న మాగ్నా కార్టా పేరు స్కూల్లో వినే ఉంటారు. అందులో 35వ అంశం ఏంటో తెలుసా? రాజ్యమంతటా వైన్‌కి ఒకటే కొలత, ఏల్‌కి ఒకటే కొలత, ధాన్యానికి ఒకటే కొలత ఉండాలి అని. హక్కుల పత్రంలో బీర్ కొలత ఎందుకు? అప్పట్లో ఏల్ సరదా కోసం తాగేది కాదు, రోజూ తాగేది. అందులో దగా చేస్తే పేదవాడి కడుపు కొట్టినట్టే.

తర్వాత ఊళ్ళల్లో ఏల్ రుచి, ధర చూడ్డానికి తనిఖీ మనుషుల్ని పెట్టారు. షేక్‌స్పియర్ నాన్న జాన్ షేక్‌స్పియర్ 1556లో స్ట్రాట్‌ఫర్డ్‌లో ఈ పనే చేశాడు. 1700 ప్రాంతంలో, మూడో విలియం కాలంలో, ఏల్ అమ్మే పాత్రల మీద కిరీటం ముద్ర ఉండాలని చట్టం తెచ్చారు. ముద్ర లేని పాత్రలో అమ్మకూడదు.

మరి అమెరికా పింట్ ఎందుకు చిన్నది? అప్పట్లో ఇంగ్లండ్‌లోనే రెండు గాలన్లు నడిచేవి. ఏల్ గాలన్ 282 ఘనపు అంగుళాలు, వైన్ గాలన్ 231. అమెరికా విడిపోయాక చిన్నదాన్ని, అంటే వైన్ గాలన్‌ని, ఉంచుకుంది. బ్రిటన్ 1824లో రెండూ తీసేసి, పది పౌండ్ల నీళ్ళు పట్టేంత కొత్త ఇంపీరియల్ గాలన్ పెట్టింది. గాలన్‌లో ఎనిమిదో వంతు పింట్. అందుకే మా లండన్ వాడికీ డాలస్ వాడికీ మధ్య 95 ఎంఎల్ తేడా. ఇద్దరూ ఇంగ్లీషే మాట్లాడతారు, గ్లాసు దగ్గర మాత్రం ఒకరికొకరు అర్థం కారు. ఆస్ట్రేలియాలో ఇంకా దారుణం. సిడ్నీలో స్కూనర్ అంటే 425 ఎంఎల్. అదే 425ని అడిలైడ్‌లో పింట్ అంటారు!

ఇదంతా తెల్లవాళ్ళ గోల అనుకోకండి. మా నానమ్మ దగ్గర సోల, తవ్వ, మానిక ఉండేవి. లెక్క చూడండి: రెండు గిద్దలు అరసోల, రెండు అరసోలలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. అంతా రెండు రెండుగా, పక్కా బైనరీ! త్రాసు లేకపోయినా రెండు సమాన పాత్రల్లో పోసి ఎవరైనా చెక్ చేసుకోవచ్చు. కానీ కుంచం సైజు ఊరూరికీ మారేది. పైగా అంచుకి సమంగా గీసి కొలవాలా, గోపురంలా పోసి కొలవాలా అనే తగువు ఉండేది. "వడ్డీ గింజలు తీసుకునేటప్పుడు గోపురం, ఇచ్చేటప్పుడు గీత" అని నానమ్మ ఇప్పటికీ తిడుతుంది. మా నురగ గొడవ కూడా సేమ్ టు సేమ్ ఇదే.

జర్మనీ వాళ్ళు దీనికి సింపుల్ పరిష్కారం పట్టారు. గ్లాసు మీద గీత. పక్కన పరిమాణం. గీత దాకా బీర్, గీత పైన నురగ. మ్యూనిచ్‌లో తక్కువ పోసేవాళ్ళకి వ్యతిరేకంగా ఏకంగా ఒక సంఘమే ఉంది. నవ్వొస్తుంది కానీ, వాళ్ళు అడుగుతున్నది మాగ్నా కార్టా అడిగినదే.

మన దగ్గర చట్టం లేదా? ఉంది. 1956 చట్టంతో దేశం మెట్రిక్‌కి మారింది. ఇప్పుడున్నది 2009 లీగల్ మెట్రాలజీ చట్టం. దాని సెక్షన్ 11 ప్రకారం ధర చెప్పినా, ధరల పట్టిక పెట్టినా ప్రామాణిక యూనిట్లలోనే ఉండాలి. అంటే "పింట్" అని రాసి వదిలేస్తే సరిపోదు. ఎంఎల్ అడగడం కక్కుర్తి కాదు, మన హక్కు.

డబ్బు ఒక్కటే కాదు, ఇంకోటి కూడా ఉంది. 5 శాతం బీర్ అయితే రెండు లోకల్ పింట్లలో 33 ఎంఎల్ ఆల్కహాల్. రెండు బ్రిటన్ పింట్లలో దాదాపు 57. "రెండు పింట్లే కదరా" అని ఇద్దరూ అంటారు, ఒంట్లోకి వెళ్ళేది మాత్రం వేరు. మేం క్యాబ్‌లోనే వెళ్ళాం. మీరూ అంతే, తాగితే స్టీరింగ్ ముట్టుకోవద్దు. తెలంగాణలో 21 నిండనివాళ్ళకి ఇది హిస్టరీ క్లాస్ మాత్రమే.

ఈసారి ఆ పబ్‌కే వెళ్తా. బీర్ బాగుంది, అబద్ధం ఎందుకు. కానీ ఆర్డర్ చెప్పే ముందు ఒక్కటే అడుగుతా: "బ్రదర్, ఎన్ని ఎంఎల్? గీత ఎక్కడుంది?" ప్రతి టేబుల్ ఇదే అడిగితే గ్లాసు మీద గీత దానంతట అదే వస్తుంది.

మీ ఊళ్ళో ఏ కొలత దగ్గర తగువు పడేవారో మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై.