కాంటాక్ట్ లెన్స్ డబ్బీలో దాగిన ముప్పు

కాంటాక్ట్ లెన్సును కంటిపాపలా కాపాడుకునేవారు సైతం దానిని రాత్రి దాచే డబ్బీని పట్టించుకోరు. కార్నియాకు సోకే ఇన్‌ఫెక్షన్లకు కారణమయ్యే సూక్ష్మజీవులు తరచుగా ఆశ్రయం పొందేది అక్కడే.

తడి ప్లాస్టిక్ గోడలకు అంటుకున్న బ్యాక్టీరియా తన చుట్టూ జిగురు పొరను అల్లుకుంటుంది. దీనినే బయోఫిల్మ్ అంటారు. చాలాకాలం కడగని నీళ్ల కుండ లోపల వేలికి తగిలే జారుడు అటువంటిదే. ద్రావణంలో తేలే క్రిములను మందు చంపగలదు గాని, పొర చాటున ఉన్నవాటిని చేరలేదు. వాటిలో సూడోమోనాస్ ఎరుగినోసా అత్యంత ప్రమాదకరమైనది. లెన్సుతో పాటు కంటిని చేరితే ఒకటి రెండు రోజుల్లోనే కార్నియాను తినివేయగలదు. పుండు మానినా పువ్వు మిగిలి, చూపు మందగించవచ్చు.

లెన్సుతోనే నిద్రించడం మరో ప్రమాదం. అమెరికాలోని న్యూ ఇంగ్లండ్ ప్రాంతంలో జరిపిన అధ్యయనం 1989లో వెలువడింది. పగలు మాత్రమే ధరించే మెత్తని లెన్సుల వాడకందారుల్లో ఏడాదికి పదివేల మందికి సుమారు 4 గురికి, రాత్రివేళా ఉంచుకునే రకం వాడేవారిలో సుమారు 21 మందికి కార్నియా పుండ్లు ఏర్పడినట్లు అందులో తేలింది. 2006లో ఫ్యుజేరియం అనే బూజు వల్ల పలు దేశాల్లో ఇన్‌ఫెక్షన్లు తలెత్తగా, బాష్ అండ్ లాంబ్ సంస్థ ఒక లెన్స్ ద్రావణాన్ని ప్రపంచవ్యాప్తంగా ఉపసంహరించుకుంది. మిగిలిన పాత ద్రావణంపైనే కొత్తది పోసే అలవాటు ఎంత చేటో అప్పుడే చాలామందికి తెలిసివచ్చింది.

ఇక నీటి సంగతి. కుళాయి, బావి, వాగు నీళ్లలో అకాంతమీబా అనే ఏకకణజీవి ఉంటుంది. పాశ్చాత్య దేశాల్లో దీని బాధితులు ఎక్కువగా లెన్సులు ధరించేవారే. మన వద్ద పరిస్థితి వేరు. లెన్సు ముఖమెరుగని రోగులకూ కంట్లో నలక పడటం వల్లనో, మురికినీరు తగలడం వల్లనో ఇది సోకుతున్నట్లు హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వైద్యులు 2000లో ప్రచురించిన పత్రంలో వివరించారు. పొలం పనుల్లో కంటికి దెబ్బ తగిలినవారికీ ఇదే హెచ్చరిక.

బీజాపూర్ జిల్లాలో, తెలంగాణ సరిహద్దున ఉన్న పామేడు వంటి చోట్ల ఈ జాగ్రత్త మరింత అవసరం. కార్నియా నిపుణుని చేరాలంటే నగరానికి ప్రయాణం కట్టవలసిందే. సెలవులకు ఇంటికి వచ్చే విద్యార్థులు ద్రావణం అయిపోతే నీళ్లు వాడకుండా కళ్లద్దాలు పెట్టుకోవడం క్షేమం. చేతులు సబ్బుతో కడిగి, పొడిగుడ్డతో తుడుచుకున్న తర్వాతే లెన్సును తాకాలి. దానిని ద్రావణంతో వేలిపై రుద్ది కడగాలి. లెన్సు తీయగానే డబ్బీలోని ద్రావణం పారబోసి, కొత్త ద్రావణంతో రుద్ది కడిగి, మూతలు తీసి బోర్లించి ఆరబెట్టాలి. మూడు నెలలకొకసారి డబ్బీ మార్చాలి. ఏ రోజుకారోజు పారవేసే లెన్సులకైతే డబ్బీ బెడదే లేదు.

కన్ను ఎర్రబడినా, నొప్పి పుట్టినా, వెలుతురు చూడలేకపోయినా వెంటనే లెన్సు తీసివేయాలి. ఆకు పసరు, చనుబాలు, దుకాణంలో అడిగి తెచ్చుకున్న స్టెరాయిడ్ చుక్కలు వేయరాదు. తీసిన లెన్సును, డబ్బీని పారవేయకుండా వైద్యుని వద్దకు తీసుకువెళ్తే, వాటిని ప్రయోగశాలలో పరీక్షించి ఏ క్రిమి సోకిందో గుర్తించే వీలుంటుంది.