కూలి లెక్క దగ్గర చీలిన ఆట

రగ్బీ లీగ్‌లో ఫార్వర్డ్ చేసేది మోటుపని. బంతి పట్టుకుని ఎదుటి జట్టు మీదికి దూసుకెళ్లాలి, పడాలి, లేవాలి. బంతి అవతలివాళ్ల చేతికి పోతే వాళ్లను పడగొట్టాలి. పదమూడు మందిలో ఆరుగురిది ఇదే పని. దీనికి జీతమెలా వచ్చిందో తెలియాలంటే ఉత్తర ఇంగ్లండ్ గనుల దగ్గరికి, మిల్లుల దగ్గరికి వెళ్లాలి.

19వ శతాబ్దం చివర యార్క్‌షైర్, లాంకషైర్ రగ్బీ జట్లలో కార్మికులు ఎక్కువ. శనివారం మ్యాచ్ ఆడాలంటే పని మానుకోవాలి, కూలి వదులుకోవాలి. ఆ కూలి ఇప్పించమని 1893లో యార్క్‌షైర్ వాళ్లు రగ్బీ పాలకమండలి లండన్ సమావేశంలో అడిగితే 136 ఓట్లు వచ్చాయి, వద్దన్నవి 282. డబ్బు ముట్టకుండా ఆడటమే గొప్పని పెద్దమనుషుల వాదన. పని మానినా వాళ్ల ఇంట్లో పొయ్యి వెలుగుతుంది కదా!

1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్లో ఉత్తరాది క్లబ్బులు వేరుకుంపటి పెట్టాయి. పని పోయిన రోజుకు ఆరు షిల్లింగులు ఇవ్వొచ్చన్నాయి. మూడేళ్లకు ఆటకే డబ్బు ఇవ్వడానికి ఒప్పుకున్నాయి, అయితే ఆటగాడికి వేరే ఉద్యోగం ఉండి తీరాలట. 1906లో జట్టును పదిహేను నుంచి పదమూడుకు కుదించారు. పోయిన ఇద్దరూ ఫార్వర్డులే. గుంపులో దాక్కునే వీలు పోయి, మిగిలినవాళ్లకు పరుగు పెరిగింది. ఈ ఆటకు రగ్బీ లీగ్ అన్న పేరు 1922లో స్థిరపడింది. లీగ్‌లో డబ్బు తీసుకున్నవాడిని వీళ్లు వదిలివచ్చిన పాత ఆట రగ్బీ యూనియన్ మాత్రం దాదాపు నూరేళ్లు గడప తొక్కనివ్వలేదు. 1995లో తనూ జీతాలకు తలుపు తీశాకే ఆ వెలి పోయింది.

ఆ తలుపులోంచి అటూ ఇటూ నడిచిన ఫార్వర్డ్ శామ్ బర్జెస్. 1988లో డ్యూస్‌బరీలో పుట్టాడు. తండ్రి మార్క్ కూడా లీగ్ ఆటగాడే. బ్రాడ్‌ఫర్డ్ బుల్స్‌లో మొదలుపెట్టి 2010లో ఆస్ట్రేలియాలోని సౌత్ సిడ్నీ జట్టుకు వెళ్లాడు. 2013లో ఒక మ్యాచ్‌లో బర్జెస్ అన్నదమ్ములు నలుగురూ ఆ జట్టు తరఫునే దిగారు. మరుసటి ఏడాది ఆస్ట్రేలియా లీగ్ ఫైనల్ మొదటి ట్యాకిల్‌లోనే, ఎదుటి జట్టులోని తోటి ఇంగ్లిష్‌వాడు జేమ్స్ గ్రాహం తల తగిలి శామ్ చెంప ఎముక విరిగింది. అయినా చివరిదాకా ఆడాడు. సౌత్ సిడ్నీ 30–6తో గెలిచింది. 1971 తర్వాత దానికి అదే మొదటి టైటిల్. ఆ రోజు ఉత్తమ ఆటగాడూ అతనే.

వెంటనే యూనియన్‌లోకి, బాత్ క్లబ్‌కు మారాడు. 2015 ప్రపంచకప్‌లో ఇంగ్లండ్‌కు ఆడాడు. జట్టు గ్రూపు దశలోనే ఇంటిదారి పట్టింది, విమర్శల్లో పెద్ద వాటా అతనికే దక్కింది. నా మటుకు అది అన్యాయం: ఏడాది అనుభవంతో వచ్చినవాణ్ని ఎంపిక చేసినవాళ్లను కదా అడగాల్సింది! మళ్లీ సౌత్ సిడ్నీకే వెళ్లిపోయాడు. భుజం గాయం మానక 2019లో, 30 ఏళ్లకే ఆట మానేశాడు. 2024లో లీగ్ జట్టు వారింగ్టన్‌కు కోచ్‌గా ఇంగ్లండ్ వచ్చి, మొదటి ఏడాదే జట్టును వెంబ్లీలో ఛాలెంజ్ కప్ ఫైనల్ దాకా తీసుకెళ్లాడు. కప్పు మాత్రం విగన్ పట్టుకుపోయింది.