సొరంగానికి ఆవల ఉత్తుత్తి ఊరు

పిట్స్‌బర్గు అనగానే మనవారికి పెన్ హిల్స్‌లోని వేంకటేశ్వరుని ఆలయం గుర్తుకు వస్తుంది. 1970లలో వెలసిన ఆ గుడికి నేనూ చాలామార్లు వెళ్ళాను. అయితే ఆ ఊరి పేరు విన్నప్పుడు గుడిగంటతో పాటు మరొక గంట కూడా నా చెవిలో మోగుతుంది. అది ఒక బొమ్మ ట్రాము గంట.

నా బాల్యంలో టీవీ లేదు. కనుక ఈ జ్ఞాపకం న్యాయంగా నాది కాదు, మా అమ్మాయిది. తొంభైలలో అది మూడేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు దాని పక్కన కూర్చుని చూస్తూ చూస్తూ నేనూ సొంతం చేసుకున్నాను.

ఆ కార్యక్రమం పేరు 'మిస్టర్ రోజర్స్ నైబర్‌హుడ్'. దాని కర్త ఫ్రెడ్ రోజర్స్ (1928–2003). పిట్స్‌బర్గులోని డబ్ల్యూ.క్యూ.ఈ.డి. కేంద్రంలో తయారై, 1968 ఫిబ్రవరి 19 నుంచి అమెరికా దేశమంతటా ప్రసారమైంది. చివరి కొత్త భాగం 2001 ఆగస్టు 31న వచ్చింది. 1969లో ఆయన సెనేటు ఉపసంఘం ముందు మాట్లాడి ప్రజాప్రసారాలకు నిధులు నిలబెట్టిన వృత్తాంతం అందరూ చెప్పేదే కనుక వదిలేస్తున్నాను. నాకు కావలసింది ఆ ట్రాము.

ఆయన ఇంట్లోకి వస్తాడు, కోటు విప్పి స్వెటర్ తొడుక్కుంటాడు, బూట్లు మార్చుకుంటాడు, చేపలకు మేత వేస్తాడు, తాపీగా కబుర్లు చెబుతాడు. కొంతసేపటికి కిటికీ దగ్గరి పట్టాల మీదికి ఎర్రని చిన్న ట్రాము వస్తుంది. దాని పేరే ట్రాలీ. 1953 దాకా మదరాసు వీధులలో తిరిగిన ట్రాములను ఎరిగిన పెద్దవారికి దాని వాలకం వేరే వర్ణించనక్కరలేదు. దానికి నోరు లేదు, ముఖం లేదు, నడిపేవాడు లేడు. మాట్లాడవలసి వస్తే గంట కొడుతుంది, ముందుకూ వెనుకకూ ఊగుతుంది. జానీ కోస్టా అనే జాజ్ విద్వాంసుడు స్టూడియోలోనే కూర్చుని, దృశ్యం నడుస్తూండగానే దాని పరుగుకు పియానోతో స్వరం ఇచ్చేవాడు. 1996లో మరణించేవరకూ ఆయనే సంగీత దర్శకుడు. పిల్లల కార్యక్రమమే కదా అని ఆయన తన వాయిద్యాన్ని ఒక్కనాడూ తేలిక చేయలేదు. ఆ పియానో కోసమే కళ్ళు మూసుకుని విన్న రోజులున్నాయి.

ట్రాలీ గోడలోని సొరంగంలో దూరి, అవతల 'నైబర్‌హుడ్ ఆఫ్ మేక్ బిలీవ్'లో తేలుతుంది. మన పిల్లల భాషలో ఉత్తుత్తి ఊరు. అక్కడ పదమూడవ ఫ్రైడే రాజుగారి కోట ఉంది, గడియారంలో కాపురముండే డేనియల్ అనే పులిపిల్ల ఉంది. ఆ బొమ్మలలో చాలావాటికి గొంతు రోజర్స్‌దే. కానీ స్వెటర్ తొడుక్కున్న రోజర్స్ సొరంగం దాటి అక్కడికి వెళ్ళడు. డేనియల్ ఇవతలి గదిలోకి వచ్చి ఆయన సరసన కూర్చోదు. ఇది నిజం, అది ఊహ. రెంటినీ కలిపేది పట్టాలు మాత్రమే. పిల్లవాడికి ఊహ ఎంత అవసరమో, అది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియడం కూడా అంతే అవసరమని రోజర్స్ గట్టిగా నమ్మాడు.

అలాగని ఉత్తుత్తి ఊరిలో అన్నీ ఉత్తుత్తి మాటలే నడిచాయనుకోరాదు. 1968 జూన్‌లో రాబర్ట్ కెనెడీ హత్య జరిగిన కొద్ది రోజులలోనే ఆ ఊళ్ళో డేనియల్ పులిపిల్ల లేడీ అబెర్లిన్‌ను హత్య అంటే అర్థమేమిటని అడిగింది. ఆమె దాటవేయకుండా సమాధానం చెప్పింది.

చరిత్రలో ఒక విచిత్రం చూడండి. ఒకప్పుడు పిట్స్‌బర్గు ట్రాములకు ప్రసిద్ధి. 1964లో రవాణా వ్యవస్థ ప్రజాసంస్థ చేతికి వచ్చాక ఆ దశకంలోనే చాలా మార్గాలు మూతపడి బస్సులు వచ్చాయి. వీధులలో పట్టాలు మాయమవుతున్న రోజులలో, అదే ఊరి స్టూడియోలో ఈ బొమ్మ ట్రాము మరో ముప్పై మూడేళ్ళ పరుగు మొదలుపెట్టింది.

బొమ్మ రైళ్ళనగానే బ్రిటన్ థామస్ పేరెత్తేవారున్నారు. 1984లో మొదలైన ఆ ధారావాహికలో ఇంజన్లన్నీ నిజమైన నమూనాలే. 2008 తరువాత కంప్యూటరు బొమ్మలయ్యాయి. అందమైన పనితనం. కానీ అక్కడ రైళ్ళే కథానాయకులు, ప్రపంచమంతా కల్పనే. అక్కడ దాటవలసిన గోడ లేదు.

ఆ గోడ విలువ నాకు తెలిసివచ్చిన సందర్భం చెప్పాలి. మా నాన్నగారు ఊళ్ళో పోయినప్పుడు నేనొక్కణ్ణే వెళ్ళి వచ్చాను. తాతయ్య ఫోనులో ఎందుకు మాట్లాడటం లేదని అమ్మాయి అడిగితే, ఊరెళ్ళారమ్మా అన్నాను. మనలో అందరం అనే మాటే. కొన్నాళ్ళకు ట్రాలీ సొరంగంలో దూరుతుండగా అది నా వైపు తిరిగి అడిగింది: "అది ఉత్తుత్తి ఊరు కదా నాన్నా. తాతయ్య వెళ్ళింది నిజం ఊరే కదా. మరి ఎందుకు రారు?"

నాకు నోట మాట రాలేదు. టీవీ కట్టేశాను. పిల్ల ఏడ్చింది.

1970లో ప్రసారమైన ఒక భాగంలో రోజర్స్ తొట్టెలో చచ్చిపోయిన చేపను చూస్తాడు. ఉప్పునీటిలో ఉంచి చూస్తాడు. లాభం లేకపోయాక బయటికి తీసుకుపోయి మట్టిలో పాతిపెడతాడు. చిన్నతనంలో తన కుక్క మిట్జీ చచ్చిపోతే ఏడ్చిన సంగతి చెబుతాడు. ఇదంతా సొరంగానికి ఇవతల, నిజం వైపున. ఆ భాగాన్ని నేను చాలా ఏళ్ళ తరువాత గానీ చూడలేదు. చూసిన రాత్రి నిద్ర పట్టలేదు. అమ్మాయికి అప్పటికి పదిహేనేళ్ళు; తాతయ్య సంగతి అది ఎవరినీ అడగకుండానే ఏనాడో తెలుసుకుంది.

2012లో డేనియల్ పులిపిల్ల పేరిట కార్టూన్ ధారావాహిక వచ్చింది. అందులోనూ ఎర్ర ట్రాలీ ఉంది. కానీ అది ఉత్తుత్తి ఊరిలోనే ఇంటి నుంచి బడికి, బడి నుంచి అంగడికి తిరుగుతుంది. ఇవతలి గది లేదు, సొరంగం అవసరమూ లేదు. మంచి బుద్ధులు చెప్పే కార్యక్రమమే, తప్పు పట్టను. నాకు మాత్రం అది ఒడ్డు లేని ఏటిలో తిరిగే పడవలా కనిపిస్తుంది.

మనవడికి ఆ కార్టూన్ ప్రాణం. మొన్న వాడికి పాత భాగం ఒకటి పెట్టాను. ట్రాలీ గోడలోకి దూరగానే వాడు లేచి వెళ్ళి టీవీ వెనుక చూడబోయాడు. ఈ రోజుల టీవీ గోడకు అతుక్కుని ఉంటుంది కదా, తల దూరడానికి చోటు లేదు. వంటింటి గుమ్మంలోంచి వాళ్ళమ్మ నవ్వి, "అది ఉత్తుత్తి ఊరు రా కన్నా, అక్కడ ఉండదు" అంది. వాడు మళ్ళీ వచ్చి నా ఒళ్ళో కూర్చుని, ట్రాలీ తిరిగి వచ్చేదాకా ఆ సొరంగాన్నే చూస్తూ ఉన్నాడు.