గోలకొండ దుర్గము: పేరును నొక శాసనమును

హైదరాబాదునకు వాయవ్యదిశ నున్న బాచుపల్లినుండి దక్షిణముగా గోలకొండకుఁ బోవువారికి మియాపురము, కొండాపురము దాఁటిన పిదప నెడమవంక మాదాపురముచెంత దుర్గము చెఱువు గలదు. చుట్టును నద్దపు మేడలు లేచి కంప్యూటరు కార్యాలయములతో నిండియున్న యీ తావున, ఆ చెఱువునకా పేరేల కలిగెనని విచారించువా రరుదు. గోలకొండ దుర్గవాసులకుఁ ద్రాగునీ రిచటినుండియే పోవుచుండెనని ప్రసిద్ధి. దుర్గము కంటఁబడుటకుఁ బూర్వమే దాని పేరు దారిలో నెదురగుచున్నది.

దుర్గమును జూపించువారు మొదటఁ జెప్పు కథ యందఱెఱిఁగినదే. గొల్లవాఁ డొకఁడు గుట్టపైని దేవతాప్రతిమను గాంచెననియు, కాకతీయులు దానిని విని యచట మట్టికోటను గట్టించిరనియు నా కథ. కథ పేరును బుట్టించెనో, పేరే కథను బుట్టించెనో నిశ్చయించుట సులభము గాదు. గొల్లల కొండ గొల్లకొండ యని షష్ఠీసమాసమును జెప్పుటకు వ్యాకరణ మడ్డు చెప్పదు. చిక్కెల్ల రెండవ రూపమునందే. ‘గొల్ల’లో నచ్చు హ్రస్వము, లకారము ద్విరుక్తము, ‘గోల’లో నచ్చు దీర్ఘము, లకార మొక్కటియే. ఈ మార్పునకుఁ దెనుఁగు సూత్రములను వెదకుటకంటెఁ బారసీకలిపిని జూచుట మేలు. ఆ లిపిలో హ్రస్వాచ్చులను వ్రాయరు. ద్విత్వచిహ్నమును దఱచుగా విడిచిపెట్టుదురు. ఆస్థానలేఖకుల వ్రాఁతలో నిట్లు సడలిన పదమునే తెలుఁగువారు మరల విని, తమ పేరునే పరులచేతినుండి గ్రహించిరి కాఁబోలును. ఇది యూహయే, కాని ‘గోల’ యనఁగా నల్లరి యని యర్థము చెప్పి నవ్వించుటకంటె యుక్తతరము.

కథలను విడిచి చరిత్రము చేతికిఁ జిక్కునది 1364 ప్రాంతమున. ముసునూరి కాపయనాయకుఁడు బహమనీ సుల్తానగు మొదటి మహమ్మదుషాకు గోలకొండను విడిచిపెట్టెను. అటుపిమ్మట నించుమించు నూటముప్పది యేండ్లకు, బహమనీ రాజ్యము సడలుచున్నప్పుడు, సుల్తాను కులీ యనువాఁడు కుతుబుల్ముల్కను బిరుదమునొంది తెలంగాణమునకు నధికారియై యిచట నిలిచెను. మట్టిగోడల స్థానమున ఱాతిగోడలు లేచుట యాతని కాలమున మొదలిడి, యాతని కుమారుల కాలముదాఁక సాగినది.

కొండ యెత్తు సుమారు 400 అడుగులు. వెలుపలి ప్రాకారమునకు బురుజు లెనుబదియేడు, ద్వారము లెనిమిది యని లెక్క. బాలాహిస్సారు ద్వారముక్రింద నిలిచి చప్పట్లు చఱచినచో నా ధ్వని కొండకొననున్న మండపమున వినవచ్చును. వచ్చినవారెల్లరును జప్పట్లు చఱచి సంతసించి మెట్లెక్కుదురు. ఆ ద్వారమునకుఁ జేరువనే యున్న జామీ మసీదువంకఁ దిరిగి చూచువారు పదుగురిలో నొక్కఁడైన నుండునో లేదో. దుర్గమునఁ జదువఁదగిన పుట యదియే.

సుల్తాను కులీ 1518లో స్వాతంత్ర్యమును బ్రకటించి రాజయ్యెనని పాఠశాలలలో బాలురచే వల్లె వేయించుచున్నాము. ఈ మసీదును గట్టించినవాఁడు సుల్తాను కులీయే. దాని శాసనమునందలి హిజరీ 924వ సంవత్సరము క్రీస్తుశకము 1518నకు సరిపోవును. ఆ శాసనము ప్రభువని పేర్కొనునది సుల్తాను కులీని గాదు, బహమనీ మహమూదుషాను! తాను గట్టించిన మసీదున, తన దుర్గద్వారముచెంత, తాను రాజైనాఁడనఁబడు నేఁటనే పరునిఁ బ్రభువని చెక్కించువాఁడు స్వాతంత్ర్యమును జాటినవాఁ డెట్లగును? మహమూదుషా యా సంవత్సరము డిసెంబరున మృతినొందెను గావునఁ బ్రకటన మాపిమ్మట జరిగియుండు నని కొందఱనవచ్చును. అట్లైనచో సుల్తాను కులీ సమాధిశిల ‘షా’ యని యేల పలుకలేదు? అందాతఁడు మలిక్కు, కుతుబుల్ముల్కు. లోకమునఁ బ్రసిద్ధమైన పేరు ‘బడే మాలిక్కు’. చేతిలో నధికారమంతయు నుండినను మాటలో మాత్రము కొలువుకాఁడుగానే యుండెనని చెప్పుట యుక్తము. 1518ని బాలురకుఁ జెప్పకతప్పదన్నచో, స్వాతంత్ర్యప్రకటన మనక, మసీదు నిర్మాణవత్సరమని చెప్పిన దోషముండదు. 1543లో నీ మసీదుననే ప్రార్థనవేళ నా వృద్ధుఁడు హతుఁడయ్యెను. చేయించినవాఁడు కుమారుఁడగు జంషీదని చరిత్రకారులందురు.

అన్నకు వెఱచి యిబ్రాహీము విజయనగరమున నళియ రామరాయల యాశ్రయమున నేడేండ్లుండి, 1550లో వచ్చి గద్దె నెక్కెను. 1565లో నా రామరాయలపైకే కత్తి దూసెను, రాజనీతి యట్టిది. ఆ ప్రవాసమున నబ్బిన తెలుఁగురుచి మాత్ర మాతని విడువలేదు. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానము నీతనికే యంకితము చేసెను. ఇబ్రాహీము కవులవాక్కున ‘ఇభరాముఁ’డయ్యెను. బ్రకారసంయోగము విడిపోయి నడుమ నచ్చు చేరినది. హకారపు టూపిరి ముందునకు జరిగి బకారమును భకారముగాఁ జేసినది. ఫలముగా సంస్కృతమునఁ జక్కని యర్థము గల రెండు పదములు, ‘ఇభ’మును ‘రాముఁడు’ను, వెలువడినవి. ముందు మలిక్కు చేరఁగా ‘మల్కిభరాముఁడు’. తండ్రిసమాధిపైఁ గనఁబడని ‘షా’ యిందును లేదు. తండ్రిబిరుదమగు మలిక్కే కలదు. లిపికరుల వ్రాఁతలో గొల్లకొండ గోలకొండయైనచో, కవుల నోట నిబ్రాహీము రాముఁడైనాఁడు. ఋణము తీఱినది!

ఈ ప్రభువు నధికారియగు అమీనుఖానునకుఁ బొన్నిగంటి తెలగనార్యుఁడు యయాతిచరిత్రము నంకిత మొసఁగెను. తత్సమములు లేని యచ్చ తెలుఁగు కావ్యములలో నదియే మొదటిది. అమీనుఖాను నివసించిన పటాన్‌చెరువు బాచుపల్లికిఁ బడమటఁ గొలఁదిదూరముననే యున్నది. దానికే పూర్వము పొట్టలకెఱె యని పేరు. పదునొకండవ శతాబ్దిని పశ్చిమచాళుక్యులకు రాజధాని.

వజ్రములకు గోలకొండపేరే లోకమున నిలిచినను గొండపై గని లేదు. కృష్ణాతీరమున కొల్లూరు మొదలగు చోట్లఁ దీయఁబడినవి యిచటి యంగళ్లకు వచ్చెడివి. 1591లో హైదరాబాదు వెలసిన పిదప రాజకుటుంబ మటు తరలెను. దుర్గ మాపద్గృహమై మిగిలెను.

ఆపద 1687లో వచ్చినది. అంతకు మునుపేఁట మంత్రులగు నక్కన్నమాదన్నలు హతులైరి. ఔరంగజేబు సేన యెనిమిది నెలలు చుట్టుముట్టినను గోడ కూలలేదు. అబ్దుర్రజాకు లారీ ప్రలోభములకు లొంగక తుదివఱకుఁ బోరాడెను. అబ్దుల్లాఖాను పాణీ సెప్టెంబరున నొకరాత్రి ద్వారము దెఱచెను. నేఁడు యాత్రికులు కోటలోఁ బ్రవేశించు ద్వారమునకు ఫతే దర్వాజా, అనఁగా జయద్వార మని పేరు. జయము కోట గట్టినవారిది గాదు, ముట్టడించినవారిది.

కొండకుఁ జేరువ రాజసమాధుల తోఁటలో సుల్తాను కులీ మొదలుగాఁ గుతుబుషాహీలు శయనించియున్నారు. కడపటి ప్రభువగు అబుల్ హసను తానాషా సమాధి మాత్ర మందు లేదు. ఆతఁడు దౌలతాబాదు దుర్గమున బందీయై 1699లో మరణింపఁగా, ఖుల్దాబాదున సమాధి చేయఁబడెను.