సోరియాసిస్: కణముల సందేశము

వెండివన్నె పొలుసులుగల ఈ చర్మవ్యాధిని పూర్వము ఐరోపాలో కుష్ఠుగా భ్రమించి, రోగులను వెలివేసిరి. 1808లో లండను వైద్యుడు విలన్ దీని లక్షణములను చక్కగా వర్ణించెను. కాని ఒక రూపమునకు ‘లెప్రా’ అను పేరే ఉంచుటచే భ్రమ నిలిచెను. 1841లో వియన్నాలో హెబ్రా దీనిని కుష్ఠునుండి వేరుపరచెను.

నెలదినములు పట్టవలసిన చర్మకణముల ఎదుగుదల ఇందు కొలదిదినములలోనే ముగియును. కావున దోషము చర్మమునందే కలదని చిరకాలము తలచిరి. 1979లో కీళ్ళవ్యాధికై ఇచ్చిన సైక్లోస్పోరిన్ చర్మమును కూడ బాగుచేయగా, దృష్టి రక్షకకణములపై మరలెను. వానిలో కొన్ని ఇంటర్‌ల్యూకిన్-23 అను సందేశము పంపగా, టి-కణములు ఇంటర్‌ల్యూకిన్-17ను వెలువరించును. దానిచే చర్మకణములు విజృంభించి, తామును సందేశములంపి మరిన్ని రక్షకకణములను రప్పించును. ఎఱుపును వాపును నిలుచును. ఈ వలయమును ఛేదించు ఔషధములు నేడు కలవు.

ఇది అంటువ్యాధి కాదు. ఆ వెలికి ఏనాడును ఆధారము లేదు.