కమలాపురంలో మొలిచిన సర్కారు తుమ్మ

చెరువు కట్టల మీద, కాలువ గట్ల వెంబడి, బీడు పొలాల్లో కంపగా అల్లుకుపోయిన సర్కారు తుమ్మ మన నేలకు వచ్చి 2027 నాటికి 150 ఏళ్లు నిండుతాయి. కొన్నిచోట్ల దీన్నే ఇంగ్లీషు తుమ్మ అంటారు. నల్ల తుమ్మకూ తెల్ల తుమ్మకూ రంగును బట్టి పేరు పెట్టిన మన పల్లెలు, దీనికి మాత్రం తెచ్చినవారి పేరు పెట్టాయి. ఎవరి నిర్ణయంతో ఈ చెట్టు వచ్చిందో ఆ పేరే చెబుతోంది.

పరాయి చెట్లు మనకు కొత్తేమీ కాదు. చింత ఆఫ్రికా నుంచి వచ్చి ఎన్ని తరాలైందో, పులుసు తినే నాలుకకు అది పరాయిదన్న సంగతే గుర్తులేదు. మిరప, బొప్పాయి, జీడిమామిడి పోర్చుగీసు ఓడల కాలంలో అమెరికా ఖండాల నుంచి దిగాయి. కాబట్టి సముద్రం దాటి వచ్చిందన్న ఒక్క కారణంతో ఏ చెట్టునూ తప్పుపట్టలేం. నాటిన హద్దులో నిలుస్తుందా, దాటి పక్కవాటి చోటు ఆక్రమిస్తుందా అన్నదే అసలు పరీక్ష. ఆ పరీక్ష పెట్టకుండానే ఒక చెట్టును నాటిన కథ 1876లో మొదలైంది.

ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. మన పెద్దలు ధాత కరువుగా చెప్పుకున్న మహాక్షామం కడప, కర్నూలు, బళ్లారి సీమలను కాల్చేస్తోంది. మద్రాసు నుంచి రాయచూరు దాకా వేసిన రైలు మార్గం అప్పటికి కొత్తది. బొగ్గు ఖరీదు కావడంతో ఇంజన్లకు కట్టెలే ఆధారం, ఊళ్లలో పొయ్యిలకూ కట్టెలే ఆధారం. మద్రాసు ప్రెసిడెన్సీలో అటవీ అధికారిగా ఉన్న లెఫ్టినెంట్ కల్నల్ రిచర్డ్ హెన్రీ బెడోమ్, మెట్ట నేలల్లో వంటచెరకు కోసం పెంచడానికి ఈ చెట్టు గింజలు తెప్పించమని రెవెన్యూ శాఖకు రాశాడు. జమైకా నుంచి గింజలు వచ్చాయి. 1877లో వాటిని కడప జిల్లా కమలాపురంలో, పాపాఘ్ని పెన్నలో కలిసే చోటుకు చేరువలో నాటారు. భారతదేశంలో ఈ చెట్టుకు నమోదైన తొలి చిరునామా అదే.

బెడోమ్‌ను అడవుల సంగతి తెలియని దొరగా కొట్టిపారేస్తే అన్యాయం. దక్షిణ భారత వృక్షాల మీద గొప్ప గ్రంథం రాసిన మనిషి ఆయన. తిరుమల కొండల బంగారు బల్లిని 1870లో శాస్త్రలోకానికి పరిచయం చేసిందీ ఆయనే. శేషాచలం, ఆ చుట్టుపక్కల కొండల్లో తప్ప మరెక్కడా సహజంగా పెరగని పేరీతకు శాస్త్రీయ నామంలో ఆయన పేరే నిలిచింది. మన కొండల్ని అంతగా ప్రేమించిన మనిషి చేతి మీదుగానే సర్కారు తుమ్మ రావడం నన్ను బాధపెడుతుంది. తెలివి తక్కువై జరిగిన పొరపాటు కాదది. 'బతుకుతుందా?' అని ఆనాడు అడిగారు, 'ఆగుతుందా?' అని అడగలేదు.

ఎందుకు ఆగలేదో దాని కాయను చూస్తే తెలుస్తుంది. పసుపు పచ్చగా పండిన కాయ తియ్యగా ఉంటుంది, మేకలూ పశువులూ ఇష్టంగా నములుతాయి. గట్టి పెంకు ఉన్న గింజ కడుపులో నాని, పేడలో చెక్కుచెదరకుండా బయటపడుతుంది. మంద ఎంత దూరం నడిస్తే అంత దూరం ఎరువుతో సహా విత్తనం పడినట్టే. ఆకును మాత్రం పశువు ముట్టదు, కనుక మొలకకు ముప్పు లేదు. పైన నరికితే మొదట్లోంచి నాలుగు చిగుళ్లు లేస్తాయి. కరువుకు తట్టుకోవడం, పశువుకు దక్కకపోవడం, నరికినా చిగురించడం: ఏ గుణాలు చూసి ఎంచుకున్నారో అవే గుణాలు దాన్ని ఆపలేనిదాన్ని చేశాయి. దసరానాడు మనం పూజించే జమ్మిని ఇటీవలి దాకా శాస్త్రవేత్తలు దీనితో ఒకే ప్రజాతిలో లెక్కించారు. రాజస్థాన్‌లో జమ్మి నీడన సజ్జ పండుతుంది. సర్కారు తుమ్మ గుబురు కింద గడ్డి కూడా సరిగా మొలవదు.

పేదల పొయ్యి వెలిగించిన చెట్టును నిందిస్తారా అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్న. బీడు మీద ఖర్చు లేకుండా దొరికే కట్టె ఇదే, బొగ్గు బట్టీల మీద బతికే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. కానీ ఆ కట్టె ఉచితం కాదు. పశువుల బీడు, చెరువు పూడికలో పోయిన నీటి చోటు, పక్కకు నెట్టేసిన రేగు, నల్ల తుమ్మ ఆ ధరలోవే. మేకల కాపరికి కట్టె దొరికిన చోటే మేత పోయింది.

ఆ తర్వాతి చరిత్ర ఒక దారిన నడవదు. 1730లో ఖేజడ్లీ గ్రామంలో 363 మంది బిష్ణోయీలు జమ్మి చెట్ల కోసం ప్రాణాలిచ్చిన జోధ్‌పూర్ రాజ్యంలోనే, 1940లో ఈ కొత్త తుమ్మను రాజవృక్షంగా ప్రకటించారు. ఉప్పు నేల ముందుకు రాకుండా ఆపడానికి 1961 ప్రాంతంలో గుజరాత్ అటవీ శాఖ కచ్ బన్నీ గడ్డిమైదానాల్లో దాదాపు 31,550 హెక్టార్లలో దీన్ని వేసింది. అక్కడి పశుపోషకులు దాన్ని పిచ్చి తుమ్మ అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. తమిళనాడులో 2017లో హైకోర్టు మదురై ధర్మాసనం పీకేయమంది, కొన్ని నెలలకే ఆ హైకోర్టే ఆ పనిని తాత్కాలికంగా ఆపింది. మరోవైపు నగరాల రోడ్ల మధ్య త్వరగా పచ్చబడుతుందని కోనోకార్పస్ అనే మరో పరాయి చెట్టును నాటారు. తెలంగాణ 2022లో వద్దంది, గుజరాత్ 2023లో నిషేధించింది. దాని పుప్పొడి వల్ల వచ్చే హానిపై ఇంకా వాదన ఉంది. నాటే ముందు జరగాల్సిన ఆ వాదన లక్షల మొక్కలు ఎదిగాక జరుగుతోంది.

సర్కారు తుమ్మను ఒక్కసారిగా తుడిచేయడం కుదరదు, అవసరమూ లేదు. చెరువు గర్భం, వాగు ఒడ్డు, పశువుల బీడు ముందు శుభ్రం చేయాలి. కాయ పండకముందే పనికి దిగాలి, మోడును వేరు మొదలు దాకా తవ్వి తీయాలి, ఖాళీ అయిన చోట వెంటనే గడ్డి, రేగు, కానుగ, జమ్మి పడాలి. వరుసగా కొన్ని వానాకాలాలు మొలకలు పీకాలి. ఇన్నాళ్లూ ఆ కంప కొట్టి బతికిన చేతులకే ఆ పని కూలికి ఇవ్వాలి, ఏ మోడు ఎక్కడ చిగురిస్తుందో వాళ్లకే బాగా తెలుసు.