రాయిలా కనిపించే కిచెన్ గట్టు: తక్కువ ఖర్చులో ఏది నిలుస్తుంది?

అరకు, అనంతగిరి, పాడేరు వైపు ఇల్లు కట్టుకునేవారికి కిచెన్ ప్లాట్‌ఫాం దగ్గరికి వచ్చేసరికి ఒక చిక్కు ఎదురవుతుంది. చుట్టూ అన్నీ కొండలే, రాయికి కొదవ లేదు. కానీ గట్టు మీద పరిచే పలక మాత్రం మైదానం నుంచి ఘాట్ రోడ్డెక్కి రావాల్సిందే. షాపుల్లోనేమో ‘అచ్చం మార్బుల్‌లా ఉంటుంది, రేటు తక్కువ’ అంటూ రకరకాల సరుకు చూపిస్తారు. ఏది నిజంగా తక్కువో కొనేముందే తేల్చుకోవాలి. ఒకసారి సిమెంటులో కూర్చున్నాక పగలగొట్టి మార్చాలంటే ఖర్చు రెండింతలు.

పక్క కొండ రాయి ఎందుకు వాడరు?

తూర్పు కనుమల్లో ఎక్కువగా ఉండేవి ఖోండలైట్, చార్నోకైట్ శిలలు. ఖోండు గిరిజనుల పేరు మీదే ఖోండలైట్‌కు ఆ పేరొచ్చింది. కోణార్క్ సూర్య దేవాలయంలో ఎక్కువ భాగం ఈ రాయే. ఎండకూ వానకూ త్వరగా చివికిపోయే రకం కాబట్టి వంటగట్టుకు సరిపడదు. చార్నోకైట్ గట్టిదే కానీ ఇది షెడ్యూల్డ్ ప్రాంతం. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో ఇచ్చిన గనుల లీజుల కేసులోనే సుప్రీంకోర్టు 1997లో ‘సమత’ తీర్పు ఇచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు మైనింగ్ లీజులు చెల్లవని తేల్చింది. ఎవరైనా ‘ఇక్కడి రాయే, చవగ్గా కోసిస్తాం’ అంటే ముందు పర్మిట్ అడగాలి.

రాయిని పోలిన రకాలు

విట్రిఫైడ్ టైల్: గుజరాత్‌లోని మోర్బీ నుంచి వచ్చే 2×4 అడుగుల టైల్స్ మీద మార్బుల్ గీతలు అచ్చు గుద్దినట్టు ఉంటాయి. ఇవి పీల్చే నీరు 0.5 శాతం లోపే కాబట్టి పసుపు, నూనె మరకలు లోపలికి దిగవు. వేడికీ భయం లేదు. బలహీనత అంచుల్లో ఉంది. డిజైన్ పైపొరలోనే ఉంటుంది కాబట్టి అంచు పెచ్చు లేచిందంటే లోపలి రంగు బయటపడుతుంది. ‘ఫుల్ బాడీ’ రకమైతే ఆ బాధ తక్కువ. గోడ టైల్‌ని మాత్రం గట్టుకు వాడకూడదు. అది 10 శాతం పైగా నీరు పీలుస్తుంది, బరువు పడితే పగులుతుంది.

క్వార్ట్జ్: 90 శాతం దాకా క్వార్ట్జ్ పొడి, మిగతాది రెజిన్ అనే జిగురు. మరకలు అంటవు, చూడ్డానికి బాగుంటుంది. కానీ దాదాపు 150 డిగ్రీలు దాటితే రెజిన్ రంగు మారుతుంది. దమ్ మీద నుంచి దించిన బిర్యానీ డేగిసాని నేరుగా పెట్టే ఇంట్లో ఇది కుదరదు. పైగా మామూలు గ్రానైట్ కంటే రేటు ఎక్కువే.

లామినేట్: ప్లైవుడ్ మీద రాయి డిజైన్ షీటు అంటిస్తారు. మొదట్లో చవక. అరకు మంచులో, చెమ్మలో సింకు పక్కన అంచు నుంచి నీరు దిగి ఉబ్బిపోతుంది. పొడిగా ఉండే అల్మారా పైభాగానికి పరవాలేదు.

మొజాయిక్: సిమెంటులో రాతి ముక్కలు కలిపి పోసి, ఆరాక అరగదీసి పాలిష్ పెడతారు. అతుకులు ఉండవు. పనిమంతుడు దొరకడమే కష్టం. నిమ్మరసం, చింతపండు పులుపు పడితే సిమెంటు మెరుపు పోతుంది, అప్పుడే తుడిచేయాలి.

అసలు రాయినీ లెక్కలోకి తీసుకోవాలి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో గ్రానైట్ మన సరుకే. చీమకుర్తి నల్ల గ్రానైట్, టెక్కలి నీలం, కరీంనగర్ టాన్ బ్రౌన్ దేశం దాటి వెళ్తున్నాయి. అందుకే ఇక్కడ రాయిని పోలిన సరుకు రాయికంటే చవకని ముందే అనుకోకూడదు. ఇంకా తగ్గాలంటే కడప నల్లరాయి ఉంది, గ్రానైట్ యార్డుల్లో మిగిలిన కట్ పీసులూ ఉన్నాయి.

గ్రానైట్‌కు బరువే సమస్య. 18 మిల్లీమీటర్ల మందం పలక చదరపు అడుక్కి దాదాపు 4.5 కిలోలు. 10 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు గట్టుకు 20 చదరపు అడుగులు, అంటే 90 కిలోలు. ఘాట్ మలుపుల్లో పగిలితే నష్టం ఎవరిదో బిల్లు మీద ముందే రాయించుకోవాలి. 2×4 టైల్ ఒక్కోటి 15 కిలోల దగ్గర ఉంటుంది, మూడు సరిపోతాయి. విరిగినా ఒక్కటే పోతుంది.

లెక్క ఇలా వేయాలి

షాపులో చెప్పే చదరపు అడుగు రేటు పూర్తి ఖర్చు కాదు. వీటన్నిటినీ కలిపి రెండు మూడు రకాలను పోల్చాలి:

- పలక లేదా టైల్ ధర, వేస్టేజీతో కలిపి
- రవాణా, దించే కూలి
- అంచు మోల్డింగ్, రన్నింగ్ ఫుట్ లెక్కన
- సింకు, స్టవ్ కటింగ్
- టైల్ అయితే కింద కడప రాయి లేదా కాంక్రీటు పలక, గమ్, ఎపాక్సీ గ్రౌట్
- మేస్త్రీ కూలి

చాలా ఇళ్లకు మధ్యేమార్గం కుదురుతుంది. స్టవ్, సింకు ఉండే భాగానికి గ్రానైట్, మిగతా గట్టుకూ వెనక గోడకూ దాన్ని పోలిన టైల్. బక్రీద్‌కి మాంసం కొట్టాలంటే ఏ గట్టైనా సరే, కింద మొద్దు ఉండాల్సిందే.

కొనేముందు పరీక్ష

గ్రానైట్ మీద నీటి చుక్క వేసి పది నిమిషాలు ఆగాలి. అక్కడ ముదురు మచ్చ పడితే ఆ రాయి నీరు పీలుస్తున్నట్టే. నల్లరాయిని థిన్నర్ తడిపిన గుడ్డతో తుడిచి చూడాలి, రంగు అంటితే అది పూసిన రంగే. ‘మార్బుల్’ అన్నదాని మీద నిమ్మరసం చుక్క వేస్తే, నిజం మార్బుల్ మెరుపు పోతుంది. టైల్ పరిచి గమ్ ఆరాక నాణెంతో తట్టి చూడాలి, బోలుగా మోగితే అక్కడే పగులుతుంది.

కోసే మనిషి ఊపిరి సంగతీ చూడాలి. క్వార్ట్జ్, గ్రానైట్ పొడిలో ఉండే సిలికా ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది, అది నయమయ్యే జబ్బు కాదు. ఈ కారణంతోనే ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి క్వార్ట్జ్ పలకలను నిషేధించింది. సింకు కటింగ్ ఇంట్లో కాకుండా యార్డులోనే, నీళ్లు పోస్తూ చేయించాలి. ఇంటి దగ్గర కోయక తప్పకపోతే ఆరుబయట, తడిపి, మాస్కుతో కోయించాలి. ఆ సమయంలో పిల్లల్ని దగ్గరకు రానీయకూడదు.